ఒక పగటి కాపలా

రామసుబ్బమ్మ పాదాలు కడగడానికి బేసిన్ ముందు చతికిలబడిన పరంజ్యోతి, ముసలామె చీర అంచు కాస్త పైకి జరిపి, చెయ్యి అక్కడే ఆపేసింది.

ఎడమ చీలమండ చుట్టూ పాత నూలుచీర పేలిక మెత్తగా చుట్టి ఉంది. దాని మీద నైలాన్ తాడు ముడి. తాడు రెండో కొస మంచం కోడుకు బిగించి ఉంది. పేలిక పక్కకు జరిగిన చోట చర్మం కమిలి వంకాయ రంగుకు తిరిగింది.

పక్కన గోళ్ల కత్తెర పట్టుకుని నిలబడ్డ అనిత కూడా చూసింది. ఆ పిల్ల ఒక క్లినిక్కులో నర్సు. పుళ్లూ నెత్తురూ చూసి బెదిరే రకం కాదు. అయినా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏందిది?" అంది పరంజ్యోతి. ఎవరిని అడుగుతోందో ఆమెకే తెలియలేదు.

ఆ ఇంటి కోడలు హేమలత వంటింటి గడపలో జొన్నపిండి అంటిన చేతులతో నిలబడి ఉంది. తాడును కప్పే ప్రయత్నమేమీ చెయ్యలేదు. తడబడలేదు కూడా. "కట్టకపోతే కాలవలో పడతాది మేడం," అంది, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

ఆళ్లగడ్డ చర్చి స్త్రీల సమాజం వాళ్లు శనివారాలు ఇలా ఇళ్లకు వెళ్లడం ఈమధ్యనే మొదలుపెట్టారు. మంచం పట్టినవాళ్లకు ఒళ్లు తుడవడం, తల దువ్వడం, గోళ్లు తియ్యడం, పక్కగుడ్డలు ఉతికి ఆరెయ్యడం. చర్చికి వచ్చేవాళ్లా కాదా అని చూడకుండా చుట్టుపక్కల వీధుల్లో ఎవరికి అవసరమైతే వాళ్లకు చేస్తున్నారు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసి రిటైరైన పరంజ్యోతి ఆ పనికి పెద్దరికం తీసుకుంది. ఈ ఇంటికి పోదామన్నప్పుడు మాత్రం కొందరు వెనకాడారు. మడికట్లూ అరటితోటా ఉన్న ఇల్లిది. "ఉన్నోళ్లకు మనం చేసేదేముంది?" అంది సుగుణమ్మ. ఆమె అత్త ఒకప్పుడు ఈ ఇంటి చేలల్లో కలుపు తీసి, కూలి కోసం వాకిట్లో నిలబడి పిలిచేది. కానీ ముసలామెకు ఇంజెక్షన్ వెయ్యడానికి వచ్చి చూసిన అనిత, గోళ్లు పెరిగి కండలోకి దిగుతున్నాయని చెప్పింది. ఉన్నవాళ్లయినా పొరుగువాళ్లే గదా అని పరంజ్యోతి తేల్చేసింది.

ఇప్పుడు ఆ తాడు ముడి ఎంత లాగినా రాలేదు. చాలాసార్లు తడిసి, ఆరి గట్టిపడిపోయింది. పరంజ్యోతి అనిత చేతిలో కత్తెర లాక్కుని కోసేసింది. రామసుబ్బమ్మ తన కాలివైపు ఎవరిదో వస్తువును చూసినట్టు చూసింది. డెబ్బై దాటిన మనిషి. ఒళ్లు ఇంకా గట్టిగానే ఉంది, మతి మాత్రం పోయింది. కొడుకు పేరు అడిగితే చిన్నప్పుడే చనిపోయిన తమ్ముడి పేరు చెబుతుంది.

"మనిషమ్మా ఈమె, గొడ్డు గాదు," అంది పరంజ్యోతి లేచి. హాస్టల్లో పిల్లలు తప్పు చేసినప్పుడు వాడే గొంతు అది. "కట్టకుండా చూసుకోవచ్చు. దానికి మనసుండాల."

హేమలత గడప దిగి వచ్చింది. కిందపడిన తాడు ముక్కలు ఏరింది. మురికినీళ్ల బేసిన్‌ను ఒక చేత్తోనే తూము దాకా ఈడ్చుకుపోయి వంపింది. రెండో చేతిని ఒంటికి ఆనించుకునే ఉంది. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి, టీ తాగుతారా అని అడిగింది. ఇద్దరూ వద్దన్నారు.

వీధిలోకి రాగానే పరంజ్యోతి వృద్ధుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. రోడ్డు వారన శిల్పుల పాకల్లో ఉలుల చప్పుడు. ఆ చప్పుడు మించి వినబడేలా అరిచి చెప్పాల్సి వచ్చింది. తాడుతో కట్టేశారని, గొడ్డును కట్టేసినట్టు కట్టేశారని. కళ్లారా చూశారా అని అవతల ఆడగొంతు అడిగింది. చూశానని చెప్పి, తన పేరూ ఆ ఇంటి గుర్తులూ ఇచ్చింది. ఫోన్ పెట్టేసి, వెనక్కి చూడకుండా ఇంటిదారి పట్టింది.

సాయంత్రం సుగుణమ్మకు అంతా చెప్పింది. ఆమె ఒకే మాట అడిగింది. "ఆ ఇంటి నడవలోకి నువ్వు పోయినావా?" తాడు కంటే అదే ఆమెకు వింతగా ఉంది.

పాస్టరు సంజీవయ్య గారు అంతా విని, ఆ కోడలిని ఇంకేమన్నా అడిగినావా అన్నారు. అడిగేదేముందయ్యా, కళ్లముందు కనబడుతుంటే అంది పరంజ్యోతి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బుధవారం సాయంత్రం హేమలత పరంజ్యోతి వాళ్లింటి గేటు దగ్గర కనబడింది. పరంజ్యోతి భర్త రూబెన్, ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు వలుస్తున్నాడు. ఆయన లేచి కుర్చీ వేశాడు. హేమలత కూర్చుంది. పరంజ్యోతి ఇచ్చిన నీళ్లు గ్లాసెత్తి తాగింది. ఆ ఇంటి ఆడవాళ్లు ఈ వీధిలో కూర్చుని నీళ్లు తాగడం పరంజ్యోతి ఎప్పుడూ చూడలేదు. తిట్టడానికి వచ్చిందేమో, ఫోన్ సంగతి తెలిసిపోయిందేమో అని లోపల బిక్కుబిక్కుమంటోంది.

"రేపు నంద్యాలకు పోవాల మేడం," అంది హేమలత. "పొద్దున పోతే సాయంత్రానికి వస్తా. మా అత్తను చూసుకుంటారా?"

పరంజ్యోతి ఆమె ముఖంలో ఎత్తిపొడుపు కోసం వెతికింది. లేదు. కళ్లకింద నల్లటి చారలు, దువ్వుకోని జుట్టు, అంతే. మీ ఇంటాయన లేడా అని అడిగింది. వెంకటేష్ వరికోత మిషన్‌తో బండి ఆత్మకూరు మండలంలో తిరుగుతున్నాడని, కోతలయ్యేదాకా ఒక పూట వచ్చి పోవడమే తప్ప నిలవడని చెప్పింది. పక్కింటివాళ్లను అడగలేదా అంటే, "ఒకసారి చూసినోళ్లు రెండోసారి రాల్య," అంది.

"చూసుకుంటా. కట్టేది మాత్రం లేదు."

"మీ ఇష్టం మేడం."

ఫోన్ చేసిన సంగతి అప్పుడే చెప్పేస్తే బాగుండేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇన్నిరోజులైనా ఎవరూ రాలేదు గదా, ఇక రారేమోలే అనుకుని మింగేసింది. హేమలత వెళ్లాక రూబెన్, ఒక్కదానివే పోవద్దు, అనితను తోడు తీసుకుపొమ్మన్నాడు. ఆ పిల్లకు డ్యూటీ ఉంటుందని, అంతమంది ఆడపిల్లలను కాచినదాన్ని ఒక్క ముసలామెను చూసుకోలేనా అని పరంజ్యోతి కొట్టిపారేసింది. నిజానికి ఆమెకు ఒంటరిగా పోవాలనే ఉంది. తాడు లేకుండా ఎట్లా చూసుకోవాలో చూపించాలని ఉంది.

గురువారం హేమలత బస్సుకు పోతూ అన్నీ అప్పగించింది. సంగటి, పప్పు, మాత్రలు, ఉతికిన చీరలు. వీధి గేటుకు రెండు గడియలు ఉన్నాయి. పైది ముసలామెకు తియ్యడం వచ్చు, కిందిది రాదు, అందుకని రెండూ వేసి ఉంచమని చెప్పింది. చెబుతూనే చెప్పులు వేసుకుంది. వాకిలి దాటాక ఆగి ఒకసారి వెనక్కి చూసింది. మళ్లీ తల తిప్పుకుని గబగబా నడిచి వెళ్లిపోయింది.

పొద్దున బాగానే గడిచింది. రామసుబ్బమ్మ పరంజ్యోతిని తన చెల్లెలు జానకమ్మ అనుకుంది. "జానకీ, శెనగ ఇత్తనం ఏసినారా?" అని అడిగింది. వేసినారని చెబితే సంతోషించింది. పరంజ్యోతి ఆమెను ఎండలో కూర్చోబెట్టి, తలకు నూనె రాసి, చిక్కులు తీసి, సన్నగా జడ అల్లింది. ముసలామె కళ్లు మూసుకుని తల అప్పగించేసింది. ఇంతోటిదానికి తాడు కావాల్సి వచ్చిందా అనుకుంది పరంజ్యోతి. ఆదివారం సమాజంలో ఈ సంగతి ఎట్లా చెప్పాలో మాటలు కూర్చుకోవడం కూడా మొదలుపెట్టింది.

ఎండ ముదిరేసరికి ముసలామె లేచింది. "ఇంటికి పోవాల," అంది. ఇదే మీ ఇల్లవ్వా అంటే కాదంది. కాసేపటికి మళ్లీ లేచింది. మళ్లీ అదే మాట. నడవలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరగడం మొదలుపెట్టింది. పరంజ్యోతి వెనకాలే తిరిగింది. బియ్యం డబ్బా మూత తీసి దోసిళ్లతో నీళ్ల డ్రమ్ములో పోస్తుంటే ఆపింది. ఆ డబ్బా అటకమీద పెట్టి వచ్చేలోగా వంటింట్లో స్టవ్ మీట తిప్పి, మండని గ్యాస్ ముందు నిలబడి ఉంది. మీట ఆపేసి, కిటికీలు తెరిచి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొస్తే గోడమీది క్యాలెండరు చింపి నోట్లో పెట్టుకుంది. ఆ కాగితం వేలు పెట్టి తీసింది. పొద్దున తిన్న రెండు ఇడ్లీలు ఎప్పుడు అరిగిపోయాయో, పరంజ్యోతికి కళ్లు తిరుగుతున్నాయి. ముసలామెకు అలుపే లేదు. "ఇంటికి పోవాల. యాడ కట్టేసినారు నన్ను? ఇంటికి పోవాల." ఒకే మాట, ఒకే గొంతు. గోడకు మేకు కొడుతున్నట్టు.

అంతలో గ్యాస్ బండ తెచ్చినవాడు గేటు కొట్టాడు. బండ దింపించుకుని, గేటు వేసి లోపలికి వచ్చింది. కొత్త బండను పక్కకు జరుపుతూ ఉండగా ఇల్లు నిశ్శబ్దంగా ఉందని తట్టింది. కింది గడియ వెయ్యలేదు.

చెప్పులు లేకుండానే పరుగెత్తింది. శిల్పుల పాకలు దాటితే వీధి చివర కాలవ. రామసుబ్బమ్మ అప్పటికే గట్టు దిగి, బట్టలుతికే రాయి మీద నిలబడి ఉంది. పారుతున్న నీళ్లలో ఒక కాలు పెట్టి, ఇంట్లోకి అడుగు పెట్టినంత నిశ్చింతగా, రెండో కాలు ఎత్తుతోంది. పరంజ్యోతి వెనకనుంచి నడుం పట్టుకుని లాగింది. ముసలామె తిరిగి ఆమె ముంజేతిని పళ్లతో కొరికి పట్టుకుంది. ఇద్దరూ గట్టుమీద కూలబడ్డారు. విడిపించుకునేసరికి చేతిమీద నెత్తురు చుక్కలు తేలాయి.

వెనక్కి ఈడ్చుకొస్తుంటే రాయి చెక్కుతున్న ఒకడు ఉలి ఆపి తలెత్తాడు. "ఈరోజు కట్టల్యా అమ్మా?" అని అడిగాడు. అడిగి మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ మాట పరంజ్యోతికి చెంపమీద కొట్టినట్టు తగిలింది. ఈ వీధి మొత్తానికి తెలుసు. అందరికీ తెలుసు. ఇక్కడ ఎవరికీ అది వింత కాదు.

ఇంటికి వచ్చేసరికి ముసలామె చీర పాడుచేసుకుంది. పరంజ్యోతి ఊపిరి బిగబట్టి కడిగింది, బట్ట మార్చింది, నడవ కూడా కడిగింది. చేతులు సబ్బుతో రుద్దుకుని, పళ్లెంలో సంగటి పెట్టుకుని, పప్పు కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. రామసుబ్బమ్మ ముద్దను కాక ఆమె ముఖాన్ని చూసింది. ఎక్కడో దీపం వెలిగినట్టు ఆ కళ్లలో ఒక తెలివి వచ్చింది. ఇంత పొద్దూ లేని తెలివి.

"ఎవురే నువ్వు? మీ పేటోళ్లు నడవ దాటేది ఎప్పటినుంచే? బయట నిలబడి పిలవల్లని తెల్దా? ఇల్లంతా మైల చేసినావు గదే."

పళ్లెం ఎత్తి కొట్టింది. పప్పు కలిపిన సంగటి పరంజ్యోతి గుండెలమీద పడి, చీరకు అంటుకుని, మెల్లగా జారింది.

జబ్బు మాట్లాడుతోందని ఆమెకు తెలుసు. తెలిసిన సంగతి ఎంతకీ చేతుల్లోకి దిగలేదు. చేతులు ముసలామె రెక్క పట్టుకున్నాయి. గదిలోకి తోశాయి. తలుపు మూసి గడియ లాగాయి. ఇనుప గడియ గాడిలో పడి టకీమంది.

లోపల నుంచి తలుపు బాదుతున్న చప్పుడు మొదలైంది. పరంజ్యోతి నడవలో గోడకు చేరబడి కూర్చుంది. చెంబెత్తి నీళ్లు తాగింది. కాళ్లు చాపుకుంది. ఆ పగలు మొదటిసారి కూర్చుంది. మధ్యలో తలుపు ఉంది కాబట్టి ఆ చప్పుడు ఎక్కడో దూరంగా, ఎవరింట్లోనో జరుగుతున్నట్టుంది. ఎంత హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందో తెలియగానే చాపిన కాళ్లు ముడుచుకుంది. ముసలామె కాలవలో పడకూడదని వేసిన గడియ కాదది. నన్ను అంత మాట అంటావా అని వేసింది. వేసినప్పుడు సుఖంగా ఉంది. ఆ సుఖం ఇంకా ఒంట్లో ఉంది.

లేవాలి, లేచి తియ్యాలి అనుకుంది. ఇంకాసేపు, అనుకుంది. లేవలేదు.

గేటు దగ్గర ఎవరో పిలిచారు. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒక యువతి. వార్డు సచివాలయంలో మహిళా పోలీసునని, పేరు షాలిని అని చెప్పి లోపలికి వచ్చింది. ఈ ఇంట్లో పెద్దామెను కట్టేస్తున్నారని హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు వచ్చిందట. మాట పూర్తికాకముందే గది తలుపు దడదడలాడింది.

"లోపల ఎవరున్నారు?"

పరంజ్యోతి గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"గడియ ఎవరు వేశారండీ?"

"నేనే."

"మీరు కోడలా?"

"కాదు."

"మరి మీరెవరు?"

ఎంతో సులువైన ప్రశ్న. "చర్చి నుంచి వచ్చినాను," అంది చివరికి. "సేవకు."

షాలిని ఆమె చీరమీది సంగటినీ, చేతిమీది పంటిగాట్లనూ చూసింది. వెళ్లి గడియ తీసింది. రామసుబ్బమ్మ తలుపు పక్కనే నేలమీద గొంతుక్కూర్చుని ఉంది. అరిచేతులు ఎర్రగా కందిపోయాయి. కుడిచేతి బొటనవేలి గోరు విరిగి నెత్తురు కారుతోంది. కొత్త మనిషిని చూసి పసిపిల్లలా రెండు చేతులూ ఎత్తింది. "అమ్మా, ఇంటికి తోల్కపో," అంది.

షాలిని ఆమెను లేపి మంచంమీద కూర్చోబెట్టి, వేలికి గుడ్డ చుట్టింది. చుడుతూనే, ఫిర్యాదు చేసినావిడతో కూడా మాట్లాడాలి, పరంజ్యోతి అంట, చర్చి వాళ్లే గదా, మీకు తెలుసా అని అడిగింది.

"అది నేనేనమ్మా."

గుడ్డ చుడుతున్న చెయ్యి ఆగిపోయింది. షాలిని ఆమెవైపు చూసింది. కోపం లేదు, వెటకారమూ లేదు. నిజంగా పాలుపోక చూస్తున్న చూపు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు మేడం?" అంది.

ఆ అమ్మాయి వెంటనే వెళ్లిపోలేదు. పరంజ్యోతి చీర కడుక్కుని వచ్చేదాకా ముసలామె చెయ్యి పట్టుకుని కూర్చుంది. కోడలు వచ్చాక మాట్లాడతానని, రేపు మళ్లీ వస్తానని చెప్పి అప్పుడు వెళ్లింది. రామసుబ్బమ్మ అన్నీ మరిచిపోయి నిద్రపోయింది. పరంజ్యోతి మంచం పక్కన కింద కూర్చుని ఆ గుడ్డ చుట్టిన వేలునే చూస్తూ ఉండిపోయింది.

పొద్దు వాలుతుండగా హేమలత వచ్చింది. ముందు అత్త దగ్గరికి పోయింది. వేలు చూసింది. పాదాలు తడిమి చూసింది. అప్పుడు వచ్చి నడవలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమె ముఖం పొద్దుటికంటే పాలిపోయి ఉంది.

పరంజ్యోతి నిలబడే అంతా చెప్పింది. కింది గడియ మరిచిపోవడం, కాలవ, సంగటి. గదిలో వేసి గడియ పెట్టడం చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. హేమలత వింటూ ఉంది. ఎక్కడా ఉలిక్కిపడలేదు.

"మిమ్మల్ని గూడా అన్నదా ఆ మాట," అంది నెమ్మదిగా. "ఏమనుకోవద్దు మేడం. పోయినవారం నన్ను దొంగముండ అని పొయ్యికట్టె తీసుకోని కొట్టబోయింది."

నంద్యాలలో పనైందా అని పరంజ్యోతి అడిగింది. ఏదో ఒకటి అడగాలి గనక అడిగింది.

హేమలత పైట సర్దుకుంటూ చేతిని చంక కింద ఒత్తుకుంది. శనివారం బేసిన్ ఈడ్చినప్పుడు ఒంటికి ఆనించుకున్న చెయ్యే. "గడ్డ మేడం. రొమ్ములో. సూది పెట్టి చూసినారు. కర్నూలు పోయి బేగా ఆపరేషన్ చేపిచ్చుకోమంటాంది డాక్టరమ్మ. ఇన్నాళ్లు యాడున్నావని తిట్టింది."

"ఎన్నాళ్లయింది?"

"ఉగాదప్పుడు తగిలింది చేతికి."

ఇప్పుడు వరికోతలు. పరంజ్యోతి వేళ్లమీద లెక్కపెట్టింది, ఏడు నెలలు దాటాయి. మీ ఆయనకు చెప్పలేదా అంటే, చెబితే కోతలు మానుకుని వచ్చి కూర్చుంటాడని, అప్పుకట్టే కాలమని చెప్పింది. కూతురు నంద్యాలలో ఇంటర్ చదువుతోంది, దానికి చెబితే చదువు మాని వస్తుంది. "ఈమెను యాడ పెట్టి పోవాల? ఒక పూట దొరికేదానికే ఇన్నాళ్లు పట్టింది. మొన్న మీరు కట్టకుండా చూసుకోవచ్చు అన్నారు గదా. సరే, ఈ మేడం చూసుకుంటాదేమోలే అని వచ్చినా మీ ఇంటికి."

పరంజ్యోతి స్తంభం దగ్గరికి వచ్చింది. హేమలతకు ఎదురుగా కింద కూర్చుంది. మహిళా పోలీసు వచ్చిపోయిన సంగతి చెప్పింది. రేపు మళ్లీ వస్తుందని చెప్పింది. "హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది నేనే హేమా. శనివారమే చేసినా. నిన్న మా ఇంట్లో నువ్వు నీళ్లు తాగుతాంటే గూడా చెప్పల్య."

తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. హేమలత వాకిలివైపు తిరిగింది.

"నేను గూడా అనుకుంటాంటి అక్కా," అంది. మేడం పోయి అక్క ఎప్పుడైందో ఇద్దరూ గమనించలేదు. "కట్టేసినప్పుడల్లా అనుకుంటాంటి, ఎవురన్నా పోలీసోళ్లకు చెప్తే బాగుండని. కేసు పెట్టేదానికైనా ఎవురో ఒకరు మా ఇంట్లోకి వస్తారు గదా అని."

గదిలో ముసలామె కదిలిన అలికిడైంది. ఇద్దరూ ఒకేసారి లేవబోయారు. పరంజ్యోతి హేమలత భుజంమీద చెయ్యి వేసి కూర్చోబెట్టి తానే లోపలికి పోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చున్నప్పుడు పరంజ్యోతి ముందే కూర్చిపెట్టుకున్న మాటలేవీ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తాడు, ఫోను, కాలవ, ముసలామె అన్న మాట, గడియ. గడియ వేసినప్పుడు తనకు హాయిగా ఉండిందని కూడా చెప్పింది. అప్పుడు చాపమీద కూర్చున్న ఆడవాళ్లు కొందరు తలలు దించుకున్నారు. అనిత కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. హేమలత మంగళవారం కర్నూలు పోవాలని, అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో మనుషులు ఉండాలని చెప్పింది. "ఒక్కరే పోవద్దు," అంది. "నేను ఒక్కదాన్నే పోయి చూసినా. ఇద్దరిద్దరు పోదాం. ఆ మాట మిమ్మల్ని గూడా అంటాది. ముందే తెలిసి రాండి."

ఎవరూ పేరు ఇవ్వలేదు. ఇక ఎవరూ రారనుకుని పరంజ్యోతి సంచి అందుకుంటుంటే సుగుణమ్మ గొంతు సవరించుకుంది. "మా అత్త ఆ వాకిట్లో నిలబడే ముసలిదైపోయింది," అంది. "మంగళవారం నేనొస్తా. నాకు ఆ ఇల్లు లోపల యట్లుంటాదో చూడాలనే ఉంది." ఆమె నవ్వలేదు. వెనక వరసలో ఇంకెవరో బుధవారం అన్నారు.

షాలిని అన్నట్టే శుక్రవారం మళ్లీ వచ్చింది. హేమలత ఆసుపత్రి కాగితాలు చూసి, వెంకటేష్‌కు తానే ఫోన్ చేసి, అసలు సంగతి చెప్పి రప్పించింది. మంగళవారం పొద్దున్నే మొగుడూ పెళ్లాం కర్నూలు బస్సెక్కారు. బస్సులో కూర్చున్నాక హేమలత కిటికీలోంచి ఏదో చెప్పబోయింది. ఇంజను రొదలో వినబడలేదు. ఆపరేషన్ ఎట్లా అవుతుందో, తర్వాత ఏం చెబుతారో ఎవరికీ తెలియదు.

ఇంట్లో ఇద్దరు మనుషులుంటే ఒకరు గేటు చూస్తారు, ఒకరు ముసలామె వెంట తిరుగుతారు. ఒకరు అలిస్తే ఒకరు. సుగుణమ్మ నడవలోకి వచ్చి గోడలూ దూలాలూ ఒకసారి కలియజూసి, ఇంతేనా అన్నట్టు తల ఊపి, చీర చెక్కుకుని వంటింట్లోకి పోయింది. మధ్యాహ్నం పరంజ్యోతి సంగటి కలిపి ముద్ద చేసింది. రామసుబ్బమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ తెలివి మళ్లీ కళ్లలోకి వచ్చింది.

"ఎవురే నువ్వు? నడవలోకి యట్లొచ్చినావ్? పో బయటికి."

పరంజ్యోతికి ముఖం వేడెక్కింది. ఆ వేడి అట్లాగే ఉంది. ఎక్కడికీ పోలేదు. ముద్ద పట్టుకున్న చెయ్యి మాత్రం అక్కడే ఉంచింది.

"పోతాలే అవ్వా," అంది. "ఈ ముద్ద తిని పంపీ."

ముసలామె కాసేపు అట్లాగే గుర్రుగా చూసింది. తర్వాత నోరు తెరిచింది.